అతిథి గారు వచ్చేదాకా ఆకు కదలరాదు

నూకరత్నం వీధి వాకిలి సగం ఊడ్చి, తడి ఆకుల్ని గోడ మూలకి చేరుస్తూ ఉండగా వెనకనుంచి చేతిమైకు గరగరమంది.

"చీపురు కింద పెట్టండి! దయచేసి చీపురు కింద పెట్టండి!"

శాంతిసాగర్ కాలనీలో దొంగ పడినప్పుడు కూడా ఎవరూ అంత గట్టిగా అరవలేదు. నూకరత్నం హడలిపోయి చీపురు వదిలేసింది. వచ్చినావిడ కాలనీ సంక్షేమ సంఘం సెక్రటరీ దమయంతి గారు. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో మైకు నోటికి ఆనించుకుని, బురద గుంటలు దాటుకుంటూ వచ్చారు. ఎదురుగా వచ్చి నిలబడ్డాక కూడా మైకులోనే మాట్లాడారు.

"ఎవరి ఇంటి ముందు వాళ్లు ఊడ్చుకుపోతే ఇంక కాలనీ ఎందుకమ్మా, ఐకమత్యం ఎందుకు? పొద్దున్నే కమిటీ అత్యవసరంగా కూర్చుంది. 'తుఫాను అనంతర సామూహిక పరిశుభ్రతా మహోత్సవం' జరపాలని తీర్మానించాం. పెద్దవారు ఒకరు ముఖ్య అతిథిగా వచ్చి మొదటి ఆకు ఎత్తుతారు. ఆ తర్వాత మనమందరం ఎత్తుతాం. అంతవరకు ఒక్క ఆకు కూడా కదలరాదు."

"నేను కొంచెం ఊడ్చేశానండి," అంది నూకరత్నం.

"చూశాను. ఫరవాలేదు, తెలీక చేశారు. మళ్లీ పరిచెయ్యండి."

నూకరత్నం మూలకి చేర్చిన ఆకుల్ని దోసిళ్లతో తెచ్చి వాకిట్లో చల్లింది. దమయంతి గారు తల వంచి చూసి, పెదవి విరిచారు.

"అలా కాదమ్మా. గాలి సముద్రం వైపు నుంచి కదా వీచింది! ఆకులన్నీ ఇటు తిరిగి ఉండాలి. మీరు వేసినవి చూస్తే ఎవరో చేత్తో వేసినట్టుంది."

తుఫాను రాత్రి వచ్చి, తన పని తాను శ్రద్ధగా చేసుకుని, తెల్లారకముందే వెళ్లిపోయింది. ఆ కాలనీలో ఆలస్యం లేకుండా జరిగిన పని అదొక్కటే. వీధుల నిండా కొమ్మలు, రేకులు, ఎవరివో గొడుగులు, ఎక్కడివో కొబ్బరి మట్టలు. అన్నిటికన్నా పెద్దది నూకరత్నం ఇంటి ముందు తురాయి చెట్టు. వేళ్లతో సహా లేచి, వాళ్ల ఇనప గేటుకి అడ్డంగా పడుకుంది. గేటేమో బయటికి తెరుచుకునే రకం. ఇంటికి వేరే దారి లేదు. నూకరత్నం లోపల ముక్కాలిపీట వేసుకుని, ప్రహరీ ఎక్కి, ఇవతలకి దూకి వచ్చింది. తను దూకగలదు. ఆమె అత్త ఎరకమ్మ దూకలేదు.

ఎరకమ్మకి మోకాళ్లు వంగవు. కుడికన్ను ఎప్పుడో చిన్నప్పుడే పోయింది. మిగిలిన ఎడమ కంటికి శుక్లం బాగా ముదిరిపోయింది. పొరుగూరి నుంచి వచ్చే పెద్ద డాక్టరు, రాబోయే గురువారం ఆపరేషన్‌కి రమ్మన్నాడు. ఆయన మళ్లీ వచ్చేది ఎండాకాలంలో. "ఇంక ఆగితే ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని చెప్పలేను," అని కూడా అన్నాడు. కాబట్టి గురువారం లోపల ఆ గేటు తెరుచుకోవాలి. నూకరత్నానికి కావలసింది అంతే.

ఆమె గోడ దూకి ఇంట్లోకి వచ్చేసరికి ఎరకమ్మ అరుగు మీద కూర్చుని కొడుకుని దులిపేస్తోంది.

"ఒరే కూర్మా, గొడ్డలట్టుకుని ఆ చెట్టు నరకరా అంటే ఏటి, బొమ్మలా నిలబడ్డావు? నరుకుతావా, నన్ను నరకమంటావా?"

కూర్మారావు చొక్కా జేబుకి ఒక పెద్ద బ్యాడ్జీ తగిలించుకుని అద్దంలో చూసుకుంటున్నాడు. నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాగా చేరినప్పటి నుంచి అతనికి ఎవరూ ఏ పదవీ ఇవ్వలేదు. ఇప్పుడు బ్యాడ్జీ మీద 'కన్వీనర్, వృక్ష విభాగం' అని ఉంది.

"నరకకూడదే అమ్మా. అది ఇప్పుడు మన చెట్టు కాదు, కార్యక్రమం చెట్టు. అతిథి గారు మొదటి గొడ్డలి వేటు దానికే వేస్తారు. అంతవరకు దాన్ని కాపాడే బాధ్యత నాదే."

"తుఫానుకి ముందు కాపాడాల్సిందిరా. నిలబడున్నప్పుడు ఒక్క చెంబుడు నీళ్లు పోశావా దానికి?"

"అతిథి గారు ఎప్పుడొస్తారు?" అని అడిగింది నూకరత్నం.

"శనివారం. ఆపరేషన్ గురువారం కదా! ఏ కంగారూ లేదు," అన్నాడు కూర్మారావు, బ్యాడ్జీ కొంచెం పైకి జరుపుకుంటూ.

శనివారం వచ్చింది. అతిథి గారు రాలేదు. వేరే కాలనీలో వేరే చెట్టు దగ్గరికి వెళ్లారని తెలిసింది. కాలనీ ప్రెసిడెంటు విశ్వేశ్వర పాత్రుడు గారు రిటైరైన సూపరింటెండెంటు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా 'సదరు కూర' అనేవారు. ఆయన అందరినీ కమ్యూనిటీ హాల్లో సమావేశపరిచారు.

"కార్యక్రమం వాయిదా పడింది గానీ రద్దు కాలేదు. కొత్త తేదీ త్వరలో ఖరారు కాగలదు. అంతవరకు తుఫాను మనకు అప్పగించి వెళ్లిన సదరు విధ్వంసాన్ని యథాస్థితిలో పరిరక్షించుకోవడం మన కర్తవ్యం. ఇప్పటికే కొంత తరుగుదల కనిపిస్తున్నది. ఇది ఆందోళనకరం."

తరుగుదల నిజమే. మేకలు వచ్చి తురాయి ఆకులు తింటున్నాయి. పక్క పేటవాళ్లు వంటచెరుకు ఏరుకుపోతున్నారు. ఎండకి బురద గట్టిపడి, మామూలు రోడ్డులా కనిపించడం మొదలుపెట్టింది. కమిటీ వెంటనే కదిలింది. ఆకుల కన్వీనరు, కొమ్మల కన్వీనరు, బురద కన్వీనరు ఏర్పడ్డారు. బురద కన్వీనరు ఒక రిటైరైన బ్యాంకు ఉద్యోగి. గులాబీ మొక్కలకి పోసినంత ప్రేమగా పొద్దునా సాయంత్రం పైపుతో బురదకి నీళ్లు పోసేవాడు. వీధి మొగలో 'ఇచ్చట చెత్త తీయరాదు, తీసినవారు శిక్షార్హులు' అని బోర్డు వెలిసింది. ఆ బోర్డు చదవడానికి ఊళ్లోవాళ్లు పిల్లల్ని తీసుకుని వచ్చేవారు.

మూడో వీధిలో ఒక ముసలి దంపతులు కర్టెన్లు వేసుకుని దొంగచాటుగా పెరడు ఊడ్చేశారు. పొద్దున్న ఇద్దరూ మరీ హుషారుగా కనిపించడంతో కమిటీకి అనుమానం వచ్చి సోదా చేసింది. చీపురుకి తడి ఉంది. శిక్షగా రెండు బస్తాల ఆకులు తెచ్చి వాళ్ల పెరట్లో గుమ్మరించారు. ముసలాయన మాత్రం బెదరలేదు. "ఊడ్చుకున్న తృప్తి నాకు మిగిలింది, దాన్నెవరు తీసుకుపోతారు?" అన్నాడట.

బుధవారం పొద్దున్న ఒక అధికారి జీపులో దిగాడు. పెద్దవాళ్ల పర్యటనలకి ముందుగా వచ్చి ఏర్పాట్లు చూసి వెళ్లే ఉద్యోగం ఆయనది. చేతులు వెనక్కి కట్టుకుని వీధులన్నీ తిరిగాడు. పాత్రుడు గారు, దమయంతి గారు, కన్వీనర్లు ఆయన వెనకే, పెళ్లికూతురి తరఫువాళ్లలా నడిచారు.

"విధ్వంసం ఉంది. కాదనను," అన్నాడు అధికారి చివరికి. "కానీ సమన్వయం లేదు. ఆకులు అక్కడ, రేకులు ఇక్కడ. అతిథి గారు కారు దిగగానే ఒక్క చూపులో నష్టం అర్థం కావాలి. ఈ స్థాయికి వారిని రమ్మనడం సబబు కాదు."

పాత్రుడు గారి మొహం మాడిపోయింది. "పెంచుకుంటామండి," అన్నారు వినయంగా.

పక్క కాలనీవాళ్లు తుఫాను వెళ్లిన పూటే అందరూ కలిసి ఊడ్చేసుకుని, చెత్తంతా ఊరి బయట పోగేసి, స్నానాలు చేసి ఎవరి పనులకి వాళ్లు వెళ్లిపోయారు. వాళ్లకి పండగ లేదు, ఫొటో లేదు. పాపం, వాళ్లని చూసి మనవాళ్లు జాలిపడేవారు కూడాను. ఇప్పుడు పాత్రుడు గారు స్వయంగా వెళ్లి, ఆ చెత్తని పరోపకార బుద్ధితో ఇప్పించవలసిందని కోరారు. వాళ్లు ముందు నమ్మలేదు. నమ్మాక ఆనందం పట్టలేక బళ్ల మీద బళ్లు తెచ్చి దింపారు. అడక్కపోయినా రెండు పాత పరుపులు, ఒక పగిలిన కమోడు కూడా ఇచ్చారు. కాలనీ తరఫున వాళ్లకి శాలువా కప్పారు.

మళ్లీ ఒక చుట్టు తిరిగి చూసిన అధికారికి అన్నిటికన్నా నచ్చింది తురాయి చెట్టు. దాని చుట్టూ తిరిగి, గేటు లోపల చీకటి కళ్లతో నిలబడ్డ ఎరకమ్మని కూడా చూశాడు.

"బాగుంది. చెట్టు, వెనక మూసుకుపోయిన గేటు, గేటు వెనక వృద్ధురాలు. అతిథి గారు చలించడానికి అవకాశం ఉన్న స్థలం ఇదే. గుర్తు పెట్టండి."

దమయంతి గారు అప్పటికప్పుడు ముగ్గుతో ఒక గుండ్రం గీసి, పక్కన 'అతిథి గారు చలించు స్థలము' అని రాశారు.

"ఎవురయ్యా నువ్వు?" అంది ఎరకమ్మ లోపలనుంచి. "డాక్టరువా?"

"కాదమ్మా, పర్యటనల ఏర్పాట్లు చూసే..."

"చెట్టు తీసేవాడివా?"

"తీయించే కార్యక్రమానికి సంబంధించిన..."

"అయితే పనికొచ్చేవాడివి కాదన్నమాట. ఎల్లు బాబూ, ఎండెక్కుతంది."

అధికారి నొచ్చుకోలేదు. "ఆ రోజు కూడా ఇలాగే మాట్లాడించండి, సహజంగా ఉంది," అని దమయంతి గారికి చెప్పాడు. ఆ తర్వాత డైరీ తెరిచి కొత్త తేదీ ప్రకటించాడు. శుక్రవారం పొద్దున్న.

ఆపరేషన్ దానికి ముందురోజే. నూకరత్నానికి నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. పుట్టింటి పల్లెలో బడిలో చదివిన రోజుల్లో పంతులుగారు ప్రశ్న అడిగితే, జవాబు తెలిసినా పక్క పిల్ల చెవిలో చెప్పేది. అయినా గోడ దూకి పాత్రుడు గారి దగ్గరికి వెళ్లింది.

"మా అత్తకి రేపే ఆపరేషనండి. ఉన్నది ఒక్క కన్ను. చెట్టు ఒక్క పక్కకి జరిపితే చాలు, గేటు తెరుచుకుంటుంది. ఆవిణ్ణి తీసుకెళ్లాక మళ్లీ అక్కడే పెట్టుకోండి."

పాత్రుడు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఇంత దూరం వచ్చేది కాదు.

"అమ్మా, మీ బాధ నాకు అర్థం కాకపోలేదు. కానీ జరిపిన చెట్టు జరిపిన చెట్టే. తుఫాను పడేసినట్టు మనం పడెయ్యగలమా? అయినా మీ విషయం సానుభూతితో పరిశీలించి, ప్రత్యామ్నాయం ఆలోచిస్తాం."

ప్రత్యామ్నాయం సాయంత్రం వచ్చింది. ఒక ప్లాస్టిక్ కుర్చీ, నాలుగు తాళ్లు, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కన్వీనర్లు. ఎరకమ్మని కుర్చీలో కూర్చోబెట్టి గోడ దాటించాలని ఏర్పాటు. కుర్చీ మూరెడు లేచింది. అంతే, బురద కన్వీనరు కాలు ఆయన పెంచుకున్న బురదలోనే జారింది. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది.

"దింపండ్రా! నన్ను కళ్లకి తీసుకెల్తన్నారా, కాటికి తీసుకెల్తన్నారా?" అని ఎరకమ్మ వేసిన కేకకి మేకలన్నీ పారిపోయాయి. ఆ ఒక్క ఉపకారం మాత్రం జరిగిందని ఆకుల కన్వీనరు సంతోషించాడు.

కూర్మారావు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. కంచం ముందు కూర్చుని కూడా బ్యాడ్జీ తీయలేదు.

"నేనేం చెయ్యను? పైవాళ్లు చెప్తే గానీ కదపడానికి వీల్లేదు," అన్నాడు నూకరత్నంతో.

"పైవాళ్లు చెప్తే కదుపుతారా?"

"నిమిషంలో కదుపుతాను."

 గురువారం పొద్దున్న లేవగానే నూకరత్నం అత్తకి తలదువ్వి, ఉతికిన చీర కట్టి, ఆసుపత్రి కాగితాలు సంచిలో పెట్టింది. ఆటో అతనికి ఫోన్ చేసి వీధి చివర వచ్చి ఆగమంది. గేటు తెరుచుకోకుండా ఆటో ఎందుకో ఆమెకే తెలీదు. పిలవకపోతే మాత్రం ఆశ వదిలేసుకున్నట్టు ఉంటుందనిపించింది.

అదే పొద్దున్న కాలనీలో రిహార్సలు. అధికారి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బ్యాండు మేళం వచ్చింది. మగవాళ్లు, ఆడవాళ్లు కొత్త చీపుళ్లు భుజాన పెట్టుకుని వరసగా నిలబడ్డారు. చీపుళ్లకి రిబ్బన్లు కట్టి ఉన్నాయి. అంతా సిద్ధమయ్యాక ఒక లోటు బయటపడింది. అతిథి గారి స్థానంలో నిలబడడానికి మనిషి లేదు. పాత్రుడు గారు ప్రెసిడెంటు కాబట్టి స్వాగతం పలకాలి. దమయంతి గారు మైకు వదలరు. కన్వీనర్లు తమలో ఒకడు అతిథి అయితే మిగిలినవాళ్లు ఒప్పుకోరు.

దమయంతి గారి కన్ను గోడ దగ్గర నిలబడ్డ నూకరత్నం మీద పడింది.

"ఈ అమ్మాయిని పెడదామండి. నోట్లో నాలుక లేని మనిషి. ఏమీ మాట్లాడదు, ఏ పొరపాటూ దొర్లదు."

నూకరత్నం వద్దనే లోపల మెళ్లో దండ పడింది. భుజాల మీద శాలువా పడింది. ఎవరో గొడుగు పట్టారు. పాత్రుడు గారు గొంతు సవరించుకున్నారు.

"సభ్యులందరూ గమనించగలరు. ఈ క్షణం మొదలు ఈమెను కూర్మారావు గారి భార్యగా ఎవరూ పరిగణించరాదు. ఈమే అతిథి గారు. వీరి మాట మనకు శిరోధార్యం. ఇక్కడ రిహార్సలే కదా అని ఎవరైనా అలసత్వం చూపితే, రేపు అసలు అతిథి గారి సమక్షంలో కూడా అదే చూపుతారు."

"బాగా చెప్పారు," అన్నాడు అధికారి.

బ్యాండు మోగింది. నూకరత్నాన్ని నడిపించుకొచ్చి ముగ్గు గుండ్రంలో నిలబెట్టారు. గేటు అవతల, కొమ్మల సందులోంచి, ఎరకమ్మ చీర అంచు కనిపిస్తోంది. చేతిలో సంచి కూడా కనిపిస్తోంది. దూరంగా వీధి చివర ఆటో వచ్చి ఆగింది.

"ఇప్పుడు అతిథి గారు చలించాలి," అంది మైకు.

నూకరత్నం నిజంగానే చలించింది.   బడిలో పంతులుగారి ముందు నిలబడ్డట్టే ఉంది. కానీ ఈసారి చెవిలో చెప్పడానికి పక్కన ఏ పిల్లా లేదు.

"ఈ చెట్టు తీసెయ్యండి," అంది.

బ్యాండు ఆగిపోయింది.

"అమ్మా," అన్నారు పాత్రుడు గారు నవ్వు తెచ్చుకుని, "అది రేపు. ఇవాళ తమరు గొడ్డలి ఊరికే తాకించి..."

"ఒక్క నిమిషం," అన్నాడు అధికారి, కుర్చీలోంచి లేచి. ఆయన మొహం ఎర్రబడింది. "రేపు అతిథి గారు ఇదే మాట అంటే, 'అది రేపండి' అంటారా మీరు? అదేనా ఇక్కడి క్రమశిక్షణ?"

"అది కాదండి, ఈవిడ నిజంగా..."

"ఈవిడ ఎవరో మీరే ఇప్పుడు మైకులో చెప్పారు. వృక్ష విభాగం కన్వీనరు ఎవరు?"

కూర్మారావు ముందుకొచ్చాడు.  పాత్రుడు గారి వైపు చూశాడు, అధికారి వైపు చూశాడు, దండ వేసుకుని గొడుగు కింద నిలబడ్డ భార్య వైపు చూశాడు. పదవి వచ్చాక మొదటిసారి అతనికి ఆజ్ఞ వచ్చింది.

"చిత్తం," అన్నాడు భార్యతో. ఆ తర్వాత వెనక్కి తిరిగి గొంతు చించుకుని అరిచాడు. "పట్టండర్రా!"

ఇన్ని రోజులుగా చెత్త మధ్య చేతులు కట్టుకుని బతికిన కాలనీ అది. ఆ ఒక్క మాట కోసమే కాచుకుని ఉన్నట్టు జనం చెట్టు మీద పడ్డారు. మంచాల కింద దాచుకున్న గొడ్డళ్లు వచ్చాయి, అటకల మీది రంపాలు వచ్చాయి. మూడో వీధి ముసలాయన పంచె ఎగ్గట్టి మొద్దు మీద ఎక్కి "హైలెస్సా!" అన్నాడు. ఆయన భార్య రిబ్బను పీకి పారేసి చీపురు తిప్పింది. ఊడవడం మొదలుపెట్టిన చెయ్యి ఒక వాకిలితో ఆగుతుందా? మొదటి వీధి నుంచి రెండో వీధికి, రెండో వీధి నుంచి మూడో వీధికి చీపుళ్లు ఉరికాయి. బురద కన్వీనరు తాను పెంచిన బురదని తానే పార పెట్టి ఎత్తాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ మొహం వెలిగిపోతోంది. ఎవరూ చెప్పకుండానే బ్యాండువాళ్లు పెళ్లి ఊరేగింపు పాట ఎత్తుకున్నారు. పక్క కాలనీ పరుపుల్ని ఇద్దరు నెత్తిన పెట్టుకుని పక్క కాలనీ వైపే పరిగెత్తారు. కమోడు వాళ్ల వెనకే వెళ్లింది.

"యథాస్థితి! యథాస్థితి!" అని పాత్రుడు గారు చేతులు ఊపుతూ అటూ ఇటూ తిరిగారు. మైకు అడిగారు. దమయంతి గారు మైకు కింద పెట్టి, కొమ్మలు మోస్తున్నారు.

"రేపు అతిథి గారు వస్తే ఏం చూపించాలండీ?" అన్నారు పాత్రుడు గారు అధికారితో, ఏడుపు గొంతుతో.

అధికారి నిలువునా మురిసిపోతున్నాడు. "ఇంత బాగా జరిగిన రిహార్సలు నేను ఎక్కడా చూడలేదు. రేపు కూడా అచ్చు ఇలాగే జరగాలి," అని నివేదిక రాసుకోవడంలో పడ్డాడు. రేపటికి ఏం మిగిలిందో చూడడం ఆయన పని కాదు.

చెట్టు ముక్కలై పక్కకి దొర్లింది. నూకరత్నం గొడుగు కిందనుంచి తప్పుకుని, మెళ్లో దండతోనే, గేటు పట్టుకుని లాగింది. గేటు కిర్రుమంటూ తెరుచుకుంది.

"అదేమిటి, అతిథి గారు వందన సమర్పణ కాకుండానే వెళ్లిపోతున్నారు?" అన్నాడు అధికారి తలెత్తి.

"అతిథులు అలాగే వెళ్తారు కదండీ," అన్నారు పాత్రుడు గారు నీరసంగా. వేరే ఏం చెయ్యాలో తోచక, ఖాళీ ముగ్గు గుండ్రానికి చేతులు జోడించి వందన సమర్పణ చదవడం మొదలుపెట్టారు.

ఎరకమ్మ గేటు దగ్గర ఒక్క క్షణం ఆగింది. కూర్మారావు రంపం కింద పెట్టి తల వంచుకుని నిలబడ్డాడు. చుట్టూ అందరూ చీపుళ్లు ఆపారు, ఇప్పుడు ఈవిడ నోటి నుంచి ఏం వస్తుందోనని. ఆమె సంచి చంకలో సర్దుకుని, ఒక చెయ్యి కోడలి భుజం మీద, దండ పక్కనే వేసింది. రంపపు పొట్టు మీద చెప్పులు ఆనిస్తూ, మసక వెలుతురులోకి జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ, ఒక్క మాటైనా అనకుండా వెళ్లి ఆటో ఎక్కింది.